ఎఫ్-117 నైట్‌హాక్

ఎఫ్-117 నైట్‌హాక్ అమెరికా సంయుక్త రాష్ట్రాల వాయుసేన వినియోగించిన దాడి విమానం. రాడార్ దృష్టిని తప్పించుకొనుటే ప్రధానాశయంగా రూపుదిద్దుకొని యుద్ధరంగంలో దిగిన విమానాలలో ఇది మొట్టమొదటిది. లాక్‌హీడ్ సంస్థ తయారు చేసిన ఈ విమానం 1981 జూన్ 18న తొలిసారి ఎగిరింది. 1983లో సేవలో ప్రవేశించి 2008 ఏప్రిల్‌లో అధికారికంగా విరమించింది. ఐదు ప్రయోగాత్మక విమానాలతో కలిపి మొత్తం 64 విమానాలు నిర్మించబడ్డాయి.

పేరులో ఉన్న "ఎఫ్" అక్షరం అమెరికాలో పోరాట విమానాలకు వాడే గుర్తు. కాని ఇది శత్రు విమానాలతో గగనతలంలో తలపడే విమానం కాదు. రాత్రివేళ ఒంటరిగా వెళ్ళి, ఎంచుకున్న లక్ష్యంపై రెండు బాంబులు వేసి తిరిగి రావడమే దీని పని. ఈ పనికి తోడ్పడిన విద్యను స్టెల్త్ అంటారు. అలికిడి లేకుండా, ఎవరి కంటా పడకుండా మసలుకోవడం అని ఆ మాటకు అర్థం.

స్టెల్త్ విమానం రాడార్‌కు అసలే కనబడదని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. ఈ విమానం చరిత్రలోని రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. 1991లో ఇరాక్‌పై జరిగిన యుద్ధంలో దాదాపు 1,300 సార్లు దాడికి వెళ్ళి ఒక్క విమానం కూడా కూలకుండా తిరిగివచ్చింది. 1999లో యుగోస్లేవియాపై యుద్ధం మొదలైన నాలుగవ రోజునే, 1960ల నాటి రూపకల్పన గల క్షిపణికి ఒక ఎఫ్-117 కూలిపోయింది. రెండుసార్లూ విమానం ఒకటే. తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోవాలంటే ముందు రాడార్ పనిచేసే తీరును చూడాలి.

రాడార్, అడ్డుకోత

రాడార్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది. అవి విమానానికి తగిలి నలుదిక్కులకూ చెదురుతాయి. అందులో రాడార్ వైపుకే తిరిగి వచ్చిన కొద్ది భాగాన్ని పట్టుకొని, విమానం ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నదో లెక్కకడతారు. ఒక వస్తువు రాడార్ కంటికి ఎంత పెద్దదిగా తోస్తుందో చెప్పే కొలతను రాడార్ అడ్డుకోత అంటారు. దీనిని చదరపు మీటర్లలో చెబుతారు. ఇది విమానపు అసలు పరిమాణంపై కంటే దాని ఆకారంపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. రాడార్‌కు ఎదురుగా నిలబెట్టిన చిన్న లోహపు పలక అద్దంలా మెరుస్తుంది. అదే పలకను కొంచెం వాల్చితే తరంగాలు మరో దిక్కుకు పోతాయి, రాడార్‌కు దాదాపు ఏమీ తిరిగిరాదు.

ఇక్కడ ఒక గణిత సూత్రాన్ని గమనించాలి. తరంగం విమానం వరకు వెళ్ళేటప్పుడు దూరం వర్గానికి అనుగుణంగా బలహీనపడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అంతే బలహీనపడుతుంది. అందువలన రాడార్ ఒక విమానాన్ని పసిగట్టగల దూరం ఆ విమానపు అడ్డుకోత యొక్క నాలుగవ వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు, 10 చదరపు మీటర్ల అడ్డుకోత గల విమానాన్ని 200 కిలోమీటర్ల దూరంలో చూడగల రాడార్‌ను తీసుకుందాం. అడ్డుకోతను పదవ వంతుకు, అంటే 1 చదరపు మీటరుకు తగ్గించినా ఆ రాడార్ 112 కి.మీ. దూరంలో విమానాన్ని పట్టుకుంటుంది. ఎంతో కష్టపడి పదోవంతు చేస్తే దూరం సగానికి కూడా తగ్గలేదన్నమాట! 0.01 చదరపు మీటరుకు తగ్గిస్తే 36 కి.మీ., 0.001కి తగ్గిస్తే 20 కి.మీ. అవుతుంది. దూరం పదవ వంతు కావాలంటే అడ్డుకోత పదివేలవ వంతు కావాలి. ఏదో కొంత మెరుగుదల చేసినందువల్ల ప్రయోజనం లేదనీ, విమానం మొత్తాన్నీ ఈ ఒక్క ఉద్దేశంతోనే రూపొందించాలనీ ఇంజనీర్లకు తెలియజెప్పినది ఈ నాలుగవ వర్గమూలమే.

ఇరవై కిలోమీటర్ల దూరంలో కనబడితే ఏమి లాభం అన్న సందేహం రావచ్చు. గంటకు 900 కి.మీ. వేగంతో వచ్చే విమానం నిమిషానికి 15 కి.మీ. దాటుతుంది. 200 కి.మీ. దూరంలో కనబడిన విమానం రాడార్ మీదికి రావడానికి 13 నిమిషాలు పడుతుంది. 20 కి.మీ. దూరంలో కనబడితే మిగిలేది 80 సెకన్లు. ఆ వ్యవధిలోనే దానిని శత్రు విమానంగా గుర్తించాలి, పై అధికారికి చెప్పాలి, క్షిపణిని గురిపెట్టాలి, అది ఎగిరి వెళ్ళి తాకాలి. స్టెల్త్ అసలు ప్రయోజనం శత్రువు చేతిలోని ఈ సమయాన్ని హరించడమే.

రెండవ ప్రయోజనం కూడా ఉంది. ఒక దేశం తన సరిహద్దుల వెంట రాడార్లను నెలకొల్పేటప్పుడు, ఒకదాని పరిధి మరొకదానిని ఒరుసుకునేలా ఏర్పాటు చేస్తుంది. పటం మీద చూస్తే ఇవి ఒకదానిపై ఒకటి కమ్ముకున్న వృత్తాలుగా కనిపిస్తాయి. స్టెల్త్ విమానం విషయంలో ఆ వృత్తాలన్నీ కుంచించుకుపోయి వాటి మధ్య సందులు ఏర్పడతాయి. ఎఫ్-117 చేసిందల్లా ఆ సందుల గుండా వెళ్ళడమే. ప్రతి దాడికి ముందు రాడార్లు ఎక్కడెక్కడ ఉన్నదీ కంప్యూటర్లకు ఇచ్చి, ఏ రాడార్‌కు విమానంలోని ఏ పార్శ్వం ఎదురవుతుందో లెక్కవేసి మార్గాన్ని నిర్ణయించేవారు. రాడార్లు ఎక్కడ ఉన్నాయో ముందుగా తెలిసి ఉండడం ఈ పద్ధతికి పునాది.

పుట్టుపూర్వోత్తరాలు

1973 అక్టోబరులో అరబ్బు దేశాలతో జరిగిన యుద్ధంలో ఇజ్రాయెల్ సుమారు వంద విమానాలను పోగొట్టుకుంది. వాటిలో అధికభాగం సోవియట్ తయారీ క్షిపణులకు, విమాన విధ్వంసక ఫిరంగులకు బలైనవే. ఐరోపాలో సోవియట్ యూనియన్‌తోనే యుద్ధం వస్తే తమ విమానాల గతి ఏమిటన్న చింత అమెరికా రక్షణశాఖకు పట్టుకుంది. రాడార్‌కు కనబడని విమానం సాధ్యమేనా అని ఆ శాఖ పరిశోధనా విభాగం విమాన సంస్థలను అడిగింది.

దీనికి సమాధానం ఒక విచిత్రమైన మార్గంలో వచ్చింది. ప్యోత్ర్ ఉఫిమ్‌త్సెవ్ అనే సోవియట్ భౌతిక శాస్త్రవేత్త, అంచుల వద్ద విద్యుదయస్కాంత తరంగాలు ఎలా చెదురుతాయో లెక్కించే పద్ధతిని 1962లో మాస్కోలో ప్రచురించాడు. సోవియట్ అధికారులు దానిలో సైనిక ప్రయోజనం ఏదీ చూడలేదు, ప్రచురణకు అడ్డు చెప్పలేదు. అమెరికా వాయుసేన 1971లో దానిని ఆంగ్లంలోకి అనువదింపజేసింది. లాక్‌హీడ్‌లో పనిచేస్తున్న డెనిస్ ఓవర్‌హోల్సర్ దానిని చదివి, ఒక ఆకారపు రాడార్ అడ్డుకోతను ముందుగానే లెక్కకట్టవచ్చని గ్రహించాడు. సోవియట్ రాడార్లను ఓడించిన విమానానికి మూలం సోవియట్ శాస్త్రవేత్త గ్రంథమే కావడం చరిత్రలోని చమత్కారాలలో ఒకటి.

ఆనాటి కంప్యూటర్లకు వంపు తిరిగిన తలాలను లెక్కించే శక్తి లేదు. చదునైన పలకలనైతే లెక్కించగలవు. అందుచేత విమానాన్ని పలకలతోనే కట్టాలని నిర్ణయించారు. అలా వచ్చిన మొదటి ఆకారం కోసిన వజ్రాన్ని పోలి ఉండేది. అది ఎగురుతుందన్న నమ్మకం లేని వాయుగతి నిపుణులు, ప్రసిద్ధమైన హోప్ వజ్రం పేరును తిరగవేసి దానిని "ఆశ లేని వజ్రం" అని ఎగతాళి చేశారు. (ఆ హోప్ వజ్రం గోల్కొండ సుల్తానుల కాలంలో కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికినదని భావిస్తారు.)

1976లో న్యూమెక్సికోలోని పరీక్షా కేంద్రంలో లాక్‌హీడ్, నార్త్‌రాప్ సంస్థల నమూనాలను స్తంభంపై నిలబెట్టి రాడార్‌తో కొలిచారు. నమూనా కంటే దానిని మోస్తున్న స్తంభమే రాడార్‌కు ఎక్కువగా కనబడటంతో కొత్త స్తంభాన్ని తయారు చేయవలసి వచ్చింది. పోటీలో లాక్‌హీడ్ గెలిచింది. "హావ్ బ్లూ" అనే రహస్యనామంతో రెండు చిన్న ప్రయోగ విమానాలు తయారయ్యాయి. మొదటిది 1977 డిసెంబరు 1న ఎగిరింది. రెండూ పరీక్షల్లోనే కూలిపోయాయి, పైలట్లు మాత్రం ప్రాణాలతో బయటపడ్డారు. అయినా అప్పటికే అవసరమైన కొలతలు చేతికి వచ్చాయి. ఈ పరీక్షల కాలంలోనే ఒకనాడు విమానం రాడార్‌పై ఉన్నట్టుండి ప్రకాశవంతంగా కనిపించింది. కారణం వెతకగా మూడు స్క్రూలు పూర్తిగా బిగించక, వాటి తలలు కొద్దిగా పైకి లేచి ఉన్నట్లు తేలింది. లాక్‌హీడ్ రహస్య విభాగానికి అధిపతిగా పనిచేసిన బెన్ రిచ్ ఈ సంగతిని తన జ్ఞాపకాలలో రాశాడు.

నిర్మాణం

ఎఫ్-117 పొడవు సుమారు 20 మీటర్లు, రెక్కల వెడల్పు 13 మీటర్లు. వెలుపలి తలమంతా చదునైన పలకలతో కూడి ఉంటుంది. ఆ పలకలు, రెక్కల అంచులు, తలుపుల అంచులు సైతం కొన్ని నిర్ణీత దిక్కులకే తరంగాలను చెదరగొట్టేలా అమర్చబడ్డాయి. ఇంజన్ లోపల తిరిగే పంకాలు రాడార్‌కు బాగా కనిపిస్తాయి గనుక, గాలి లోనికి పోయే ద్వారాలకు సన్నని జాలీలు బిగించారు. ఇంజన్ల వేడి గాలి వెడల్పాటి పలుచని చీలికల గుండా రెక్క పైభాగాన వెలువడుతుంది. వేడి త్వరగా చల్లారి పరారుణ పరికరాలకు చిక్కకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. కాక్‌పిట్ అద్దాలపై బంగారంతో కూడిన పలుచని పూత ఉంటుంది. లేకపోతే తరంగాలు లోనికి దూరి పైలట్ శిరస్త్రాణం వంటి వాటిని తాకి తిరిగివస్తాయి. వీటన్నిటికీ పైన రేడియో తరంగాలను పీల్చుకునే పూత ఉంటుంది. అడ్డుకోతను తగ్గించడంలో ప్రధాన పాత్ర ఆకారానిదే. పూత మిగిలిన కొద్దిపాటి పనిని చేస్తుంది.

దీనికోసం వదులుకున్నవి తక్కువేమీ కావు. ఈ ఆకారం గాలిలో తనంతట తాను నిలకడగా ఉండదు. కంప్యూటర్లు ఎడతెగకుండా సరిచేస్తూ ఉంటేనే ఎగురుతుంది. వేడిని పెంచుతుంది గనుక ఆఫ్టర్‌బర్నర్‌ను అమర్చలేదు, అందువలన ధ్వని వేగాన్ని దాటలేదు. బాంబులను రెక్కల కింద వేలాడదీస్తే రాడార్‌కు దొరికిపోతుంది కాబట్టి పొట్టలోని అరలో రెండే పడతాయి. సొంత రాడార్ కూడా లేదు, ఎందుకంటే రాడార్‌ను వెలిగించడం చీకట్లో దివిటీ పట్టుకొని నడవడం వంటిది. లక్ష్యాన్ని పరారుణ కెమెరాతో చూసి, లేజర్ కిరణంతో బాంబును నడిపించాలి. కిందికి మబ్బులు కమ్మితే లేజర్ పనిచేయదు. ఆత్మరక్షణకు తుపాకీ లేదు. పగటి వెలుతురులో కంటికి ఏ విమానమైనా కనబడుతుంది కాబట్టి రాత్రి వేళల్లో తప్ప పనికి రాదు.

మొదటి కొన్ని సంవత్సరాలు ఈ విమానం ఉన్నదన్న సంగతే రహస్యంగా ఉంచారు. నెవాడా ఎడారిలోని టోనోపా స్థావరం నుండి రాత్రిపూట మాత్రమే ఎగిరేది. రహస్య విమానమేదో ఉన్నదన్న వదంతులు మాత్రం ఆగలేదు. 1986లో ఒక బొమ్మల కంపెనీ "ఎఫ్-19" అనే ఊహాచిత్రాన్ని ప్లాస్టిక్ నమూనాగా అమ్మింది. గుండ్రని వంపులతో ఉన్న ఆ బొమ్మకు అసలు విమానానికి పోలికే లేదు. 1988 నవంబరు 10న ప్రభుత్వం మసక ఫోటో ఒకటి విడుదల చేసి విమానం ఉనికిని ఒప్పుకుంది. 1989 డిసెంబరులో పనామాపై జరిగిన దాడిలో ఇది తొలిసారి యుద్ధంలో పాల్గొన్నది.

1991 గల్ఫ్ యుద్ధం

స్టెల్త్ ప్రయోజనానికి అతి బలమైన సాక్ష్యం 1991 జనవరి 17న మొదలైన గల్ఫ్ యుద్ధం నుండి వచ్చింది. బాగ్దాద్ నగరం చుట్టూ క్షిపణులు, ఫిరంగులు దట్టంగా మోహరించి ఉండేవి. యుద్ధపు తొలి రాత్రి నగరం నడిబొడ్డున పైలట్లతో కూడిన విమానాలలో ఎఫ్-117లు మాత్రమే దాడి చేశాయి. సౌదీ అరేబియాలోని ఖమీస్ ముషైత్ స్థావరం నుండి బయలుదేరి, దారిలో ఇంధనం నింపుకొని వెళ్ళి, టెలిఫోన్ కేంద్రాన్ని, వాయుసేన ప్రధాన కార్యాలయాన్ని, ఇతర ఆజ్ఞా కేంద్రాలను దెబ్బతీశాయి. నేలపైనుండి ఫిరంగులు ఆకాశమంతా గుళ్ళు కురిపించిన దృశ్యాలు టెలివిజన్‌లో ప్రపంచమంతా చూసింది. అవి విమానాన్ని చూసి పేల్చినవి కావు. బాంబులు పడ్డాక గుడ్డిగా పేల్చినవి.

దీనివల్ల కలిగే ఆదాను వివరించడానికి అమెరికా వాయుసేన ఒక పోలికను ప్రచారంలో పెట్టింది. గట్టి రక్షణ గల ఒక లక్ష్యంపైకి మామూలు పద్ధతిలో వెళ్ళాలంటే బాంబులు మోసేవి 32, వాటికి కాపలాగా పోరాట విమానాలు 16, రాడార్లపై దాడి చేసేవి 8, రాడార్లను గందరగోళపరిచేవి 4, ఇంధనం నింపేవి 15, మొత్తం 75 విమానాలు కావాలి. అదే పనికి 8 ఎఫ్-117లు, ఇంధనం నింపే విమానాలు 2 చాలునని దాని సారాంశం. యంత్రాల ఖర్చు కంటే కూడా, ప్రమాదంలో పడే పైలట్ల సంఖ్య ఎంతగానో తగ్గడం గమనించదగినది.

ఈ లెక్కలను యథాతథంగా తీసుకోరాదు. అమెరికా కాంగ్రెస్‌కు చెందిన ఆడిట్ కార్యాలయం 1997లో ప్రచురించిన నివేదికలో, ఎఫ్-117 బాంబులలో 80 శాతం లక్ష్యాన్ని తాకాయన్న వాదనకు ఆధారాలు చాలవని, ఆ నిష్పత్తి 41 నుండి 60 శాతం మధ్య ఉండవచ్చని తేల్చింది. అదీగాక ఎఫ్-117లు నిజంగా ఒంటరిగా పనిచేశాయని చెప్పడం కష్టం. తొలి రాత్రి అపాచీ హెలికాప్టర్లు సరిహద్దు దగ్గరి ముందస్తు హెచ్చరిక రాడార్లను ధ్వంసం చేశాయి. ఇరాకీ రాడార్లను ఏమార్చడానికి పైలట్ లేని విమానాలను పంపి, అవి వెలిగిన వెంటనే క్షిపణులతో కొట్టారు. కొన్ని దాడులలో రాడార్లను అడ్డగించే విమానాలు తోడు వెళ్ళాయి. ఈ ఏర్పాట్లు లేకున్నా ఫలితం అదే వచ్చేదా అన్న ప్రశ్నకు 1991 యుద్ధం జవాబు ఇవ్వలేదు.

1999: బుద్యానోవ్‌త్సి

జవాబు ఎనిమిదేళ్ళ తరువాత సెర్బియాలో దొరికింది. 1999 మార్చి 24న నాటో కూటమి యుగోస్లేవియాపై వైమానిక దాడులు ప్రారంభించింది. మార్చి 27 రాత్రి, బెల్‌గ్రేడ్ ప్రాంతంలో బాంబు వేసి తిరిగివస్తున్న ఒక ఎఫ్-117, బుద్యానోవ్‌త్సి గ్రామం దగ్గర పొలాల్లో కూలిపోయింది. పైలట్ డేల్ జెల్కో పారాషూట్‌తో దిగి పొలంలోని కాలువలో దాక్కున్నాడు. సుమారు ఎనిమిది గంటల తరువాత హెలికాప్టర్లు వచ్చి అతనిని రక్షించాయి.

విమానాన్ని కూల్చినది ఎస్-125 నేవా క్షిపణి. సోవియట్ యూనియన్‌లో 1960ల తొలినాళ్ళలో సేవలోకి వచ్చిన ఈ తరహా క్షిపణినే భారత వాయుసేన "పెచోరా" పేరుతో దశాబ్దాలుగా వాడుతున్నది. దానిని నడిపిన దళానికి అధిపతి జోల్తాన్ డాని అనే హంగేరియన్ జాతి సెర్బియా అధికారి. అతను కొత్త ఆయుధమేదీ కనిపెట్టలేదు. ఉన్న పరికరాలనే ఒక క్రమశిక్షణతో వాడాడు. మొదట దూరాన్ని చూడడానికి రెండు మీటర్ల తరంగదైర్ఘ్యం గల పాత పి-18 రాడార్‌ను ఉపయోగించాడు. గురిపెట్టే రాడార్‌ను ఒక విడతలో ఇరవై సెకన్ల లోపే వెలిగించి ఆర్పివేసేలా సిబ్బందికి శిక్షణ ఇచ్చాడు. రాడార్ వెలుగును పట్టుకొని వచ్చే నాటో క్షిపణులు అతని దళాన్ని తాకలేకపోవడానికి ఇదే కారణం. అన్నిటికంటే ముఖ్యంగా, దళాన్ని ఒకచోట ఉంచకుండా తరచుగా తరలిస్తూ వచ్చాడు.

నాటో వైపు పొరపాట్లు కూడా కలిసివచ్చాయి. విమానాలు వరుసగా ఒకే దారిలో రావడం, ఆ రాత్రి రాడార్లను అడ్డగించే విమానాలు తగినంత దగ్గరగా లేకపోవడం కారణాలని తరువాతి విశ్లేషణలు చెప్పాయి. ఇంతకుముందు చెప్పిన సందుల సంగతిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఎఫ్-117 మార్గం రాడార్ల వృత్తాల మధ్య సందులను చూసుకొని గీసినది. నిన్న లేని చోట ఈరోజు రాడార్ వస్తే ఆ గీత సందులో నుండి కాక వృత్తంలో నుండి పోతుంది. సుమారు 13 కి.మీ. దూరంలో ఉన్న విమానంపై డాని దళం రెండు క్షిపణులు వదిలింది. ఒకటి సమీపంలో పేలి విమానాన్ని పడగొట్టింది. రాడార్ చూడగల దూరం తగ్గింది నిజమే. కాని ఆ తగ్గిన దూరంలోకే విమానం వచ్చింది.

మరునాడు సెర్బులు కూలిన రెక్కపై నిలబడి నాట్యం చేసిన దృశ్యాలు టెలివిజన్‌లో వచ్చాయి. "క్షమించండి, అది కనబడదని మాకు తెలియదు" అన్న పోస్టర్లు బెల్‌గ్రేడ్‌లో వెలిశాయి. ఇది గాలివాటున తగిలిన దెబ్బ అని కొందరు కొట్టిపారవేశారు గాని, అదే దళం మే 2న ఒక ఎఫ్-16ను కూడా కూల్చింది. దాని పైలట్ డేవిడ్ గోల్డ్‌ఫీన్ 2016లో అమెరికా వాయుసేన అధిపతి అయ్యాడు. మరోవైపు, ఆ యుద్ధం 78 రోజులు సాగినా యుద్ధంలో కూలిన ఎఫ్-117 ఇదొక్కటే అన్నది కూడా మరువరాదు. ఉద్యోగ విరమణ తరువాత డాని తన ఊరిలో రొట్టెల దుకాణం నడిపాడు. జెల్కో సెర్బియా వెళ్ళి అతనిని కలుసుకున్నాడు. ఇద్దరి స్నేహంపై ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది.

పరిమితులు

పి-18 వంటి పాత రాడార్ ఎందుకు పనికివచ్చిందన్న ప్రశ్నకు సమాధానం భౌతికశాస్త్రంలో ఉన్నది. పలకలను వాల్చి తరంగాలను పక్కకు మళ్ళించే పద్ధతి, పలక తరంగదైర్ఘ్యం కంటే చాలా పెద్దదిగా ఉన్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. క్షిపణులను గురిపెట్టే రాడార్ల తరంగదైర్ఘ్యం సాధారణంగా కొన్ని సెంటీమీటర్లు. వాటి ముందు మీటర్ల కొలది ఉన్న పలకలు అద్దాలవలె ప్రవర్తిస్తాయి. తరంగమే రెండు మీటర్లు ఉన్నప్పుడు తోక, రెక్క కొన వంటి భాగాలు దానితో సమాన పరిమాణంలో ఉంటాయి. అప్పుడు అవి అనునాదం చెంది, వాలు ఎటు ఉన్నా అన్ని దిక్కులకూ తరంగాలను వెదజల్లుతాయి. పూతలదీ అదే ఇబ్బంది. తరంగం పొడవయ్యేకొద్దీ పూత మందం పెరగాలి, మీటర్ల తరంగాలకు సరిపడే పూతను మోసే విమానం ఎగరలేదు.

అయితే మీటర్ల తరంగాలతో స్టెల్త్ కథ ముగిసిందని కొందరు రాసేది అతిశయోక్తి. పొడవైన తరంగాలతో సన్నని కిరణాన్ని తయారు చేయాలంటే ఏంటెన్నా చాలా పెద్దది కావాలి. లేకపోతే విమానం ఉన్న దిక్కు ఉజ్జాయింపుగానే తెలుస్తుంది. "ఈ ప్రాంతంలో ఏదో ఉన్నది" అని చెప్పగలదు గాని, క్షిపణిని తీసుకువెళ్ళి తాకించగలిగేంత కచ్చితత్వం ఉండదు. పి-18 కూడా దిక్కు చూపి మిగిలిన పనిని గురిపెట్టే రాడార్‌కు అప్పగించింది. కనిపించడం వేరు, గురికి దొరకడం వేరు. ఈ రెండింటి మధ్య అంతరాన్ని తగ్గించడానికి అనేక దేశాలు కొత్త మీటరు తరంగాల రాడార్లను, వాటి సమాచారాన్ని ఇతర రాడార్లతో జోడించే కంప్యూటర్లను తయారు చేస్తున్నాయి.

మరొక మార్గం, తరంగాలను పంపే చోటు ఒకటి, పట్టుకునే చోటు మరొకటిగా ఏర్పాటు చేయడం. స్టెల్త్ ఆకారం తరంగాలను మాయం చేయదు, పక్కకు నెడుతుంది. ఆ పక్కన ఎవరైనా ఎదురు చూస్తూ ఉంటే దొరకవచ్చు. ఎఫ్.ఎం. రేడియో, టెలివిజన్ ప్రసారాలను వాడుకొని పనిచేసే రాడార్లు ఈ సూత్రంపైనే ఆధారపడతాయి. వేడి సంగతి సరేసరి. ఇంజను మండుతున్నంతకాలం, గాలి రాపిడి ఉన్నంతకాలం విమానం పరారుణ కిరణాలను వెలువరిస్తూనే ఉంటుంది.

శత్రువుతో సంబంధం లేని పరిమితి నిర్వహణ ఖర్చు. పూతలు వానకు, ఎండకు, ఇసుకకు పాడవుతాయి. లోపల ఒక పరికరాన్ని సరిచేయాలంటే పూతను ఒలిచి, పని ముగిశాక మళ్ళీ పూసి ఆరనివ్వాలి. ఎఫ్-117 తరువాత వచ్చిన బి-2 బాంబర్లకు గాలి తేమను, ఉష్ణోగ్రతను అదుపు చేసే ప్రత్యేక షెడ్లు కావాలి. బి-2 విమానాలు 132 తయారు చేయాలని మొదట అనుకున్నారు. చివరకు తయారైనవి 21. పరిశోధన ఖర్చుతో కలిపి ఒక్కొక్కటి 200 కోట్ల డాలర్లకు పైబడింది. 2008 ఫిబ్రవరిలో గువామ్ ద్వీపంలో ఒక బి-2 నేల విడిచిన వెంటనే కూలిపోయింది. గాలి ఒత్తిడిని కొలిచే పరికరాలలో తేమ చేరి కంప్యూటర్లకు తప్పుడు కొలతలు ఇవ్వడమే కారణం. ఏ శత్రు రాడార్‌కూ చిక్కని విమానం చెమ్మకు చిక్కింది.

తరువాతి పరిణామాలు

కంప్యూటర్ల శక్తి పెరగడంతో వంపు తలాలను కూడా లెక్కించడం సాధ్యమైంది. 1989 జూలైలో తొలిసారి ఎగిరిన బి-2లో పలకలు కనబడవు. తోక కూడా లేని ఆ విమానం పొడవైన తరంగాల రాడార్లను ఎఫ్-117 కంటే మెరుగ్గా తట్టుకుంటుందని చెబుతారు. ఎఫ్-22, ఎఫ్-35 విమానాలు స్టెల్త్‌తో పాటు రాడార్‌ను, ధ్వని వేగాన్ని మించిన వేగాన్ని, గగనతల పోరాట శక్తిని కూడా సమకూర్చుకున్నాయి. ఎఫ్-35లు వెయ్యికి పైగా తయారయ్యాయి. రష్యా సు-57 2010లో, చైనా జె-20 2011లో తొలిసారి ఎగిరాయి. రష్యాతో కలిసి ఐదవ తరం యుద్ధవిమానం తయారు చేసే ఆలోచన నుండి భారతదేశం 2018లో వైదొలగింది. సొంతంగా ఆమ్కా అనే రెండు ఇంజన్ల స్టెల్త్ విమానం నమూనాల తయారీకి కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో సుమారు 15,000 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది.

సెర్బియా అనుభవం తరువాత స్టెల్త్ విమానాలను ఒంటరిగా పంపడం అమెరికాలో తగ్గింది. 2025 జూన్ 22న ఇరాన్ అణు కేంద్రాలపై ఏడు బి-2లు దాడి చేసినప్పుడు, ఏమార్చడానికి వేరే దిక్కుకు పంపిన బాంబర్లు, ముందు నడిచిన పోరాట విమానాలు, ఇంధనం నింపేవి అన్నీ కలిపి 125కు పైగా విమానాలు పాల్గొన్నాయి. 75 విమానాల పని పదింటితో అవుతుందన్న 1991 నాటి పోలికతో దీనిని సరిచూసుకోవచ్చు.

2008లో విరమించిన ఎఫ్-117లను రెక్కలు విప్పి టోనోపాలోనే భద్రపరిచారు. అయినా ఆ తరువాత కూడా వాటిలో కొన్ని నెవాడా ఆకాశంలో ఎగురుతూ కనిపించాయి. శిక్షణలో శత్రు విమానం పాత్రను పోషించడానికి వీటిని వాడుతున్నట్లు వాయుసేన తరువాత ఒప్పుకుంది. ఒక ప్రయోగాత్మక ఎఫ్-117 ఓహాయో రాష్ట్రంలోని డేటన్ వాయుసేన మ్యూజియంలో ఉన్నది. బుద్యానోవ్‌త్సి వద్ద కూలిన విమానపు శకలాలను బెల్‌గ్రేడ్ విమానయాన మ్యూజియంలో భద్రపరిచారు.